టీచర్ లేకుండా ఏపీ మాక్రో రాశాను

విజయవాడలో తొమ్మిదో తరగతి అయ్యాక నాన్న ఉద్యోగం వల్ల డల్లాస్ దగ్గరికి వచ్చేశాం. ఇక్కడ హైస్కూల్లో ఉండగానే కాలేజీ స్థాయి సబ్జెక్టులు చదివి, మే నెలలో కాలేజ్ బోర్డు అనే సంస్థ పెట్టే అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ పరీక్షలు రాయొచ్చు. అందరూ ఏపీ అనే అంటారు. స్కోరు 1 నుంచి 5 దాకా ఉంటుంది. మంచి స్కోరు వస్తే చాలా యూనివర్సిటీలు క్రెడిట్ ఇస్తాయి, అంటే అక్కడ ఆ కోర్సు మళ్లీ చదవక్కర్లేదు, దానికి ఫీజు కట్టక్కర్లేదు. నాకు మాక్రో ఎకనామిక్స్, అంటే దేశం మొత్తం ఆర్థిక వ్యవస్థ గురించిన సబ్జెక్టు, రాయాలని ఉంది. మా స్కూల్లో ఆ క్లాసు లేదు. క్లాసులో కూర్చోకపోయినా ఈ పరీక్ష రాయొచ్చని తెలిశాక, సరే సొంతంగా చదువుదామనుకున్నాను.

విజయవాడలో ఇంటర్ చదువుతున్న మా పెద్దమ్మగారి అబ్బాయికి ఫోన్లో ఈ మాట చెబితే ఒకటే అడిగాడు: "చదువుతావు సరే, నీ పేపర్లు ఎవరు దిద్దుతార్రా?" వాళ్ల కాలేజీలో వారం వారం టెస్టులు, ర్యాంకులు, స్టడీ అవర్లు. వాడికి ఆ అనుమానం రావడం సహజమే. ఆ ఏడాదంతా నేను కుస్తీ పట్టింది ఆ ప్రశ్నతోనే.

దానికంటే ముందు రిజిస్ట్రేషన్ గొడవ. మన దగ్గర ప్రైవేటుగా ఫీజు కట్టి పరీక్ష రాసినట్టు ఇక్కడా బోర్డుకే నేరుగా కట్టేయొచ్చనుకుంటారు చాలామంది. కుదరదు. ఏదో ఒక స్కూల్లోని ఏపీ కోఆర్డినేటర్ మన పేరు మీద పేపర్ ఆర్డర్ చేయాలి. పరీక్ష మేలో అయినా ఆర్డర్ గడువు నవంబర్ నడిమికే అయిపోతుంది, ఆ తర్వాత అడిగితే 40 డాలర్లు అదనం. చెప్పని సబ్జెక్టుకు పరీక్ష పెట్టలేమని మా స్కూలు వాళ్లు అనేశారు. ఇక అమ్మా నేనూ చుట్టుపక్కల స్కూళ్లన్నిటికీ ఫోన్లు. కొందరు బయటి పిల్లల్ని తీసుకోమన్నారు, కొందరు అసలు ఫోనే ఎత్తలేదు. చివరికి కొంచెం దూరంలో ఉన్న ఒక స్కూలు కోఆర్డినేటర్ ఒప్పుకుని జాయిన్ కోడ్ పంపారు. ఆ కోడ్ కొడితేనే మన పేరు ఎక్కుతుంది. 2025లో పరీక్ష ఫీజు 99 డాలర్లు. సొంతంగా చదవాలనుకునే వాళ్లు ఆగస్టులో పుస్తకం తెరవడానికి ముందే ఈ ఫోన్లు చేసుకోవడం మంచిది.

సిలబస్ ఆరు యూనిట్లు. ఖాన్ అకాడమీ వీడియోలు ఉచితం, చాలావరకు వాటితోనే గడిచిపోయింది. జీడీపీ, ద్రవ్యోల్బణం, నిరుద్యోగం లాంటివి పెద్ద కష్టం కాదు. మల్టిప్లయర్ లెక్కలైతే నాకు భలే నచ్చాయి: ఒకరి ఖర్చు ఇంకొకరి ఆదాయమై, అందులో కొంత మళ్లీ ఖర్చై, మొత్తం ఎన్ని రెట్లవుతుందో చెప్పేవి. వచ్చిన ప్రతి అదనపు డాలర్‌లో జనం 80 సెంట్లు ఖర్చు పెడతారనుకుంటే, దేశ ఉత్పత్తిలో పడిన 100 బిలియన్ డాలర్ల లోటు పూడ్చడానికి ప్రభుత్వం 20 బిలియన్లు ఖర్చు పెడితే చాలు. అదే పన్ను తగ్గించి పూడ్చాలంటే 25 బిలియన్లు కావాలి, ఎందుకంటే తగ్గించిన పన్నులో కొంత జనం దాచుకుంటారు.

తిప్పలన్నీ ద్రవ్య విధానం, అంటే కేంద్ర బ్యాంకు వడ్డీ రేట్లను నడిపే తీరు, దగ్గర వచ్చాయి. తెలిసినవాళ్ల అమ్మాయి వాడి ఇచ్చేసిన గైడులో అమెరికా కేంద్ర బ్యాంకు ఫెడరల్ రిజర్వ్ ప్రభుత్వ బాండ్లు కొని అమ్మి వడ్డీ రేట్లు మారుస్తుందనే ఉంది. కానీ అమెరికాలో 2020 మార్చిలోనే బ్యాంకులు డిపాజిట్లలో తప్పనిసరిగా పక్కన ఉంచాల్సిన రిజర్వుల శాతాన్ని సున్నా చేశారు. ఇప్పుడు బ్యాంకుల దగ్గర రిజర్వులు పుష్కలంగా ఉంటాయి కాబట్టి, వాటి మీద ఇచ్చే వడ్డీని మార్చి రేట్లను నడిపిస్తారు. సిలబస్‌లో కూడా దీన్ని చేర్చారు, గ్రాఫుతో సహా. పాత గైడులో ఆ గ్రాఫే లేదు. ఎకనామిక్స్‌కి మాత్రం సెకండ్ హ్యాండ్ పుస్తకం కొనేముందు ఏ ఏడాదిదో చూసుకోవాలి.

ఇక దిద్దడం సంగతి. రాత ప్రశ్నలు మూడు, అందులో ఒకటి పెద్దది. గంట టైము, మొదటి పది నిమిషాలు చదువుకోవడానికి. పాత ప్రశ్నలనీ, వాటికి ఏ పాయింటు దేనికి ఇస్తారో చెప్పే గైడ్‌లైన్లనీ కాలేజ్ బోర్డే తన వెబ్‌సైట్‌లో పెడుతుంది. నేను జవాబు రాసి, ఆ రోజు ముట్టుకోకుండా, మర్నాడు ఎర్ర పెన్నుతో దిద్దేవాణ్ణి. వెంటనే దిద్దితే మన మనసులో ఉన్నది కూడా కాగితం మీద ఉన్నట్టే కనిపిస్తుంది! మనీ మార్కెట్ గ్రాఫులో నిలువు గీత మీద నామినల్ వడ్డీ రేటు (పైకి కనిపించేది) రాయాలి, అప్పులకు దొరికే డబ్బును చూపే లోనబుల్ ఫండ్స్ గ్రాఫులో రియల్ వడ్డీ రేటు (ద్రవ్యోల్బణం తీసేస్తే మిగిలేది). ఉత్తినే 'వడ్డీ' అని రాస్తే కుదరదు. 'వివరించండి' అన్నచోట పెరుగుతుంది, తగ్గుతుంది అని ఊరుకుంటే సున్నా. వడ్డీ తగ్గింది, కాబట్టి పెట్టుబడి పెరిగింది, కాబట్టి మొత్తం డిమాండ్ పెరిగింది అని మెట్లన్నీ రాయాలి. 'పేర్కొనండి' అన్నచోట ఒక్క ముక్క చాలు, అక్కడ వ్యాసం రాయడం టైము దండగ. మన స్కూళ్లలో పేజీలు నింపడం అలవాటైన చేతికి ఇది కొంచెం బాధగానే ఉంటుంది.

నామీద నాకు జాలి ఎక్కువవుతోందని అనుమానం వచ్చినప్పుడు నాన్నకిచ్చేవాణ్ణి. ఆయనకి ఎకనామిక్స్ రాదు. అదే మంచిదైంది. గైడ్‌లైన్‌లో ఉన్న మాట నా జవాబులో కనపడకపోతే నిర్దాక్షిణ్యంగా కొట్టేసేవారు.

పరీక్ష 2025 మేలో. 70 నిమిషాల్లో 60 బిట్లు, ల్యాప్‌టాప్‌లో బ్లూబుక్ యాప్ మీద. తప్పు రాస్తే నెగెటివ్ మార్కుల్లేవు కాబట్టి ఏదీ వదలక్కర్లేదు. రాత ప్రశ్నలు స్క్రీన్ మీద వస్తాయి, జవాబులూ గ్రాఫులూ మాత్రం కాగితం బుక్‌లెట్లో చేత్తోనే రాయాలి. తెలియని స్కూలు, తెలియని పిల్లలు, కాస్త టెన్షన్ పడ్డాను కానీ బిట్లు మొదలయ్యాక సర్దుకుంది.

జులైలో స్కోరు వచ్చింది, 5. పెద్దమ్మగారి అబ్బాయికి ఫోన్ చేస్తే, వాడికి ఈఏపీసెట్ రోజుల్లో నాన్ననోసారి పంపమన్నాడు. ఈ ఏడాది మైక్రో రాస్తున్నాను. అదే కోఆర్డినేటర్‌కి బడి తెరిచిన వారంలోనే మెయిల్ పెట్టేశాను.