విరిగిన పాలు, పారబోసిన గంజి

మియాపూర్‌లో మెట్రో దిగి ఇంటికి చేరేసరికి ఏడుంపావు అవుతుంది. ఎనిమిదికల్లా పిల్లల కంచాల్లో ఏదో ఒకటి పడాలి. పోయిన వానాకాలం మా అమ్మాయి స్నేహితురాలి ఇంట్లో క్రీమీ టమాటా పాస్తా తిని వచ్చి, మనింట్లో కూడా చెయ్యమ్మా అని అడిగింది. అరగంట పనే కదా అనుకున్నాను. నిజంగా అరగంట పనే. కానీ అది నా చేతికి రావడానికి మూడు బుధవారాలు పట్టింది.

మొదటి బుధవారం అరకిలో నాటు టమాటాలు మిక్సీలో తిప్పి, బాణలిలో పోసి, నాలుగు పొంగులు రాగానే ఫ్రిజ్‌లోంచి తీసిన పాలు ఒక గ్లాసు పోసేశాను. ఇంట్లో క్రీమ్ లేదు, పాలైతే మాత్రం ఏమవుతుందిలే అనుకున్నాను. గరిటె తిప్పుతుండగానే ఎర్రటి నీళ్లు వేరు, తెల్లటి రవ్వలు వేరు అయిపోయాయి. పన్నీరు చేద్దామని మరిగే పాలల్లో నిమ్మకాయ పిండితే ఎలా ఉంటుందో అచ్చం అలాగే. పుల్లటిది తగిలితే పాలల్లోని కేసిన్ అనే ప్రోటీన్ గడ్డకడుతుంది, వేడి తోడైతే ఇంకా త్వరగా. నాటు టమాటాలో పులుపూ ఎక్కువే, నీరూ ఎక్కువే. చారుకీ పచ్చడికీ దాన్ని మించింది లేదు. కానీ పాలతో దానికి పొత్తు కుదరదు.

దానికి తోడు ఉడికిన పాస్తాని నూడుల్స్‌లాగా చన్నీళ్లతో కడిగేశాను. పైనున్న జిగురంతా పోయి సాస్ దానికి అంటుకోనే లేదు. మా అమ్మాయి ఒక్క మాట అనలేదు. కంచం సింకులో పెట్టేటప్పుడు చూశాను, గొట్టాలన్నీ ఏరుకుని తినేసింది, సాస్ అడుగున మడుగు కట్టి అలాగే ఉంది. అడిగి మరీ చేయించుకున్న పిల్ల అలా నోరు మూసుకుని తినడం చూస్తే ప్రాణం ఉసూరుమంది.

రెండో బుధవారానికి హైబ్రిడ్ టమాటాలు, ఫ్రెష్ క్రీమ్, మొజరెల్లా చీజ్ తెచ్చిపెట్టుకున్నాను. టమాటా ఈసారి బాగా మగ్గింది, క్రీమ్ విరగలేదు. చీజ్ దగ్గర దెబ్బతిన్నాను. మంట పెద్దగా ఉండగానే మొజరెల్లా గుప్పెడు వేసేసరికి అంతా ఒక ముద్దై గరిటెకి చుట్టుకుంది. పిజ్జా మీద తీగల్లా సాగాలంటే మొజరెల్లానే వేసుకోవాలి, సాస్‌లో కలిసిపోవాలంటే మాత్రం మామూలు చీజ్ క్యూబులే మేలు. వాటిలో ఎమల్సిఫైయింగ్ సాల్ట్స్ ఉంటాయి. కరిగినప్పుడు కొవ్వు, నీరు విడిపోకుండా అవి పట్టి ఉంచుతాయి.

ఆ రోజే ఇంకో సంగతి జరిగింది. నేను చిల్లుల గిన్నెలో పాస్తా వారుస్తుంటే అత్తయ్య వంటింటి గుమ్మంలో నిలబడి చూస్తున్నారు.

“అదేంటమ్మా, గంజంతా పారబోస్తున్నావు?”

“గంజి కాదత్తయ్యా, పాస్తా ఉడికించిన నీళ్లు.”

“గోధుమతో చేసిందేగా? ఉడికిన నీళ్లు అంత చిక్కగా ఉంటే గంజి కాక మరేంటి?”

అత్తయ్యది తెనాలి. కట్టెల పొయ్యి మీద ఏళ్ల తరబడి అన్నం వార్చిన చెయ్యి. ఇప్పటికీ నూలు చీరలకి గంజి ఆవిడే పెట్టుకుంటారు. సింకులో మిగిలిన నీళ్లు వేలితో ముట్టుకుని చూస్తే జిగురుగా తగిలాయి. ఇటలీలో కూడా ఆ నీళ్లు ఒక గిన్నెడు తీసి ఉంచుకునే సాస్ కలుపుతారట. ఆ పిండి నూనెనీ నీటినీ కలిపి పట్టి ఉంచుతుంది. అత్తయ్యకి ఆ మాట చెబితే, “మరి నేనేమన్నాను?” అన్నారు.

మూడో బుధవారం నుంచి ఇప్పటిదాకా చేస్తున్నది ఇదీ. మా నలుగురికి 300 గ్రాముల పెన్నే, అంటే గీతలుండే గొట్టాల పాస్తా, మూడు లీటర్ల నీళ్లు, లీటరుకి 10 గ్రాముల లెక్కన ఉప్పు. కొనేటప్పుడు ప్యాకెట్ వెనక డ్యూరమ్ వీట్ సెమోలినా, అంటే గట్టి గోధుమల రవ్వ, అని ఉందో లేదో చూసుకుంటాను. మైదాతో చేసినదైతే త్వరగా మెత్తబడిపోతుంది. ప్యాకెట్ మీద 11 నిమిషాలని ఉంటే నేను తొమ్మిదికే దించుతాను. అన్నం పలుకు మీద ఉండగా వారుస్తాం కదా, అలాగన్నమాట. మిగతాది సాస్‌లో ఉడుకుతుంది.

నీళ్లు కాగేలోపే పక్క పొయ్యి మీద పని మొదలవుతుంది. రెండు స్పూన్ల నూనెలో ఆరు వెల్లుల్లి రెబ్బలు సన్నగా తరిగి వేసి, రంగు మారకముందే మిక్సీ పట్టిన అరకిలో టమాటా, తగినంత ఉప్పు, చిటికెడు పంచదార. ఇక్కడ తొందరపడకూడదు. మొదట్లో చిటపటమని స్టవ్ నిండా చిందుతుంది, పచ్చివాసన వస్తుంది. పది పన్నెండు నిమిషాలకి ఆ చప్పుడు తగ్గుతుంది, రంగు ముదురుతుంది, అంచుల దగ్గర నూనె తేలుతుంది. గరిటెతో అడుగున గీత గీస్తే రెండు వైపుల నుంచీ నీరు పరుగెత్తుకు రాకూడదు, గీత కాసేపు నిలవాలి. టమాటా పచ్చడికి మగ్గబెట్టడం వచ్చినవాళ్లకి ఇది కొత్తగా నేర్పక్కర్లేదు.

అప్పుడు మంట బాగా తగ్గించి, ముందుగానే బయట పెట్టి ఉంచిన క్రీమ్ 100 మిల్లీలీటర్లు. క్రీమ్‌లో కొవ్వు ఎక్కువ, కేసిన్ తక్కువ. అందుకే పాలంత సులువుగా విరగదు. తర్వాత పాస్తా, గరిటెడు గంజి వేసి ఒక నిమిషం గట్టిగా తిప్పాలి. స్టవ్ ఆపేశాకే మూడు చీజ్ క్యూబుల తురుము. నీళ్లగా ఉన్న సాస్ ఆ తిప్పడంలోనే నిగనిగలాడుతూ పెన్నే గీతల్లోకి, గొట్టాల్లోకి దూరిపోతుంది. అది చూడటం నాకు భలే ఇష్టం. ఉల్లిపాయ, గరం మసాలా నేను వెయ్యను, టమాటా రుచిని మింగేస్తాయి. పెద్దవాళ్లకి మాత్రం ఎండుమిర్చి కచ్చాపచ్చాగా దంచి పైన చల్లుతాను.

ఆ రోజు మా అమ్మాయి కంచంలో సాస్ చుక్క మిగల్లేదు, వేలితో ఊడ్చేసింది. అత్తయ్య చిన్న గిన్నెలో పెట్టించుకుని, రెండు ముద్దలు తిని, గిన్నె మళ్లీ నా ముందు పెట్టారు.

“చల్లారితే గట్టిపడుతోందమ్మా. ఇంకాస్త గంజి పొయ్యి.”

గంజి అప్పటికే పారబోశాను. ఇప్పుడు అరగ్లాసు గంజి వడ్డన అయ్యేదాకా పక్కన పెడుతున్నాను.