నీళ్లు తగ్గితేనే కనిపించే గోరీ

మూడేళ్లుగా మా మేనత్తది ఒకటే పోరు, ఎండాకాలంలో ఒక్కసారి కొల్లాపూర్ తీసుకుపొమ్మని. పోయిన మే నెలలో కుదిరింది. మా ఊరు సోమశిల దగ్గర కృష్ణ ఒడ్డున ఉండేది. ఉండేది అనే అనాలి, 1981లో శ్రీశైలం ముంపు అని ఇళ్లు కూలగొట్టి జనాన్ని పంపేశారు. డ్యామ్ 885 అడుగులు నిండితే ఊరంతా నీళ్ల కిందే, ఎండలకు మట్టం పడిపోయాక పునాదులు బయటపడతాయి.

కారు ఒడ్డున ఆపి నెర్రెలిచ్చిన ఒండ్రులో నడుస్తూ ఫోన్‌లో మ్యాప్ తెరిస్తే, మేము నది నట్టనడుమ ఉన్నట్టు చూపించింది. అత్తకు మ్యాప్‌తో పనేముంది. "గిది హనుమాండ్ల గుడి, గిది చేదబాయి, గిటు పోతే బొందలగడ్డ" అనుకుంటూ నాకంటే ముందే పోతోంది, నెల రోజుల నుంచి మోకాళ్ల నొప్పులని మూలిగిన మనిషి.

మాది లింగాయతుల ఇల్లు, దహనం ఉండదు. ఎడమ చేతిలో లింగం పెట్టి కూర్చోబెట్టి పూడుస్తారు, చేతనైనవాళ్లు పైన గోరీ కట్టిస్తారు. మా వాళ్లెవరూ దానిమీద పేరు రాయించలేదు. ఎవరిది ఏదో ఇంట్లోవాళ్లకు తెలిస్తే చాలదా అనుకున్నారు, ఊరే ఉండదని ఎవరు కలగన్నారు.

అక్కడ ఏడెనిమిది గోరీలున్నాయి, సున్నం రాలిపోయి అన్నీ ఒక్కలాగే. సోమశిల గుళ్లను ఊడదీసి ఒడ్డుకు తెచ్చి మళ్లీ కట్టారు, కూడవెల్లి సంగమేశ్వరుణ్ని అలంపురం చేర్చారు, మంచిదే. మా ముత్తాతను మాత్రం ఎవరు తెస్తారు?

నాకు ఆశ పోయింది. అత్త మాత్రం ఒక్కో బండ దగ్గరా వంగి బురద గోకి చూస్తోంది. ఏం వెతుకుతున్నావంటే చెప్పదు. నాలుగో దాని దగ్గర నా చేతిలో నీళ్ల బాటిల్ లాక్కుని బండ మీద పోసి కొంగుతో రుద్దింది. గీతలు తేలాయి. ముందు పగుళ్లనుకున్నాను. కాదు, కొనదేలిన ముక్కోణం, దానికి అడ్డంగా గీతలు. పులిజూదం!

"తాత గోరీ మీద మేకుతో గీస్తిమి బిడ్డా. మీ నాయన గీసిండు, దెబ్బలు నాకు పడ్డయి."

దీపం గూట్లో నత్తగుల్లలు నిండిపోయి ఉన్నాయి. చిదుగుతో అన్నీ లాగేసి దీపం పెట్టింది, గాలికి రెండుసార్లు ఆరిపోయింది, మూడోసారి నేను చేతులు అడ్డం పెట్టాను. విభూతి పెట్టి, తెచ్చిన కొబ్బరికాయ కొట్టి, సగం చిప్ప నాకిచ్చి అదే బండ మీద కూర్చుంది. ముత్తాత మీద అట్లా కూర్చోవచ్చా అని నా అనుమానం, అడగలేదు.

ఒడ్డుకొచ్చాక సిగ్నల్ దొరికి నాన్నకు ఫొటో పంపాను. నిమిషంలో ఫోన్ చేశాడు. గోరీ సంగతి ఎత్తనే లేదు.

"అక్క పక్కనే ఉందారా?" అన్నాడు.