స్టొకోవ్‌స్కీ రెండు ‘అన్‌ఫినిష్డ్’లు: నా వినికిడి డైరీ

మొదటి వారం

లియోపోల్డ్ స్టొకోవ్‌స్కీ ఫిలడెల్ఫియా ఆర్కెస్ట్రాతో స్వరకర్త షూబర్ట్ ‘అన్‌ఫినిష్డ్’ సింఫనీని 1924లో ఒకసారి, 1927లో ఇంకోసారి రికార్డు చేశారు. కండక్టర్ అదే, ఆర్కెస్ట్రా అదే, రచన కూడా అదే. మధ్యలో మైక్రోఫోను వచ్చింది. 1924లో వాద్యకారులు పెద్ద కొమ్ము చుట్టూ ఇరుక్కుని కూర్చుని వాయిస్తే, ఆ గాలి కదలికే సూదిని కదిలించి మైనం మీద గీత గీసేది. 1925 నుంచి విద్యుత్ రికార్డింగ్. రెంటినీ పక్కపక్కన పెట్టి వినాలని చాలా రోజులుగా కోరిక. 1924 రికార్డింగులు అమెరికాలో 2025 జనవరి 1న పబ్లిక్ డొమైన్‌లోకి (కాపీరైట్ తీరి ఎవరైనా వాడుకునే స్థితికి) వచ్చాయి కాబట్టి, ముందు వాటితోనే మొదలుపెట్టాను.

మొదటి రోజే పొరపాటు జరిగింది. గరగర పోవాలని, ధ్వనిని సవరించే ఆడాసిటీ సాఫ్ట్‌వేర్‌లో నాయిస్ రిడక్షన్ 18 డెసిబెల్స్ పెట్టాను. గరగరతోపాటు వయొలిన్ల పదును కూడా పోయి, నీళ్లలో మునిగి వాయిస్తున్నట్టు తయారైంది. పైగా అసలు ఫైలు మీదే సేవ్ చేశాను, మళ్లీ దించుకోవాల్సి వచ్చింది. ఇప్పుడు ముందు అసలు కాపీని వేరే ఫోల్డర్‌లో దాస్తున్నాను. తర్వాత క్లిక్కులు తీసేసి, చివర్లో నాయిస్ రిడక్షన్ 6 డెసిబెల్స్ దాటకుండా చేస్తున్నాను. గరగర శాంపిల్ మాత్రం సంగీతం మొదలవక ముందు సూది తిరిగే ఖాళీ గాడి నుంచే తీసుకోవాలి.

రెండో వారం

అక్క కర్ణాటక వయొలిన్ వాయిస్తుంది. పక్క గదిలోంచి విని, ‘శ్రుతి పైకుందిరా, చూసుకో’ అంది. రెండో భాగం చివర నిలబడే ఇ మేజర్ కార్డు (కలిసి మోగే స్వరాల గుంపు) దగ్గర ట్యూనర్ యాప్ పెట్టి చూస్తే 30 సెంట్లు (సెంటు అంటే అర్ధస్వరంలో నూరో వంతు) ఎక్కువ చూపించింది. రికార్డు వేగంగా తిరిగితే శ్రుతి కూడా పైకి పోతుంది. ఆ రోజుల్లో నిమిషానికి 78 చుట్లు అనే వేగం అందరూ కచ్చితంగా పాటించింది కాదు. లెక్క వేస్తే ఈ రికార్డు 76.66 చుట్లకు తిరగాలి. ‘చేంజ్ స్పీడ్’లో మైనస్ 1.72 శాతం ఇచ్చాను. ‘చేంజ్ పిచ్’ వాడకూడదు, అది శ్రుతిని మార్చి నడకను అలాగే వదిలేస్తుంది. రికార్డు ఒక్కో పక్కకు నాలుగు సెకన్లు పెరిగాయి. అంతలోనే సంగీతానికి ఊపిరి తీసుకునే చోటు దొరికినట్టు అనిపించింది.

పక్కలను కలిపేటప్పుడు అర సెకను క్రాస్‌ఫేడ్ (ఒకటి తగ్గుతుండగా ఇంకోటి పెరగడం) ఇస్తున్నాను. ఒక్కో పక్కకు గరగర ఒక్కో రకంగా ఉంటుంది, టక్కున మారితే చెవికి తగులుతుంది.

మూడో వారం

ఇక వినడం. ఈ సింఫనీ సెల్లోలు, డబుల్ బాస్‌లు (వయొలిన్ కంటే పెద్దవైన, కింది స్వరాల తీగ వాద్యాలు) మాత్రమే మెల్లగా, కింది స్థాయిలో వాయించే వరుసతో మొదలవుతుంది. కొమ్ముకు ఇంతకంటే కష్టమైన పరీక్ష ఉండదు. కింది స్వరాలు దానికి అందేవి కావు, అందుకే ఆ కాలపు స్టూడియోల్లో డబుల్ బాస్‌ల బదులు ట్యూబా లాంటి ఊదే వాద్యాలు పెట్టడం మామూలే. 1924 ప్రతిలో ఆ మొదలు నాకు సగమే వినిపిస్తుంది, మిగతాది ఊహించుకోవాలి. 1927 నాటిది ఫిలడెల్ఫియాలోని అకాడమీ ఆఫ్ మ్యూజిక్ హాల్లో చేసింది. హెడ్‌ఫోన్లలో అదే వరుస వస్తుంటే గది నేల కూడా వినిపిస్తున్నట్టుంది.

కానీ కాసేపటికి సెల్లోలు అందుకునే ఆ ప్రసిద్ధమైన పాట దగ్గర నా అంచనా తారుమారైంది. ఆ స్థాయి కొమ్ముకు బాగా ఇష్టమైనది. 1924 సెల్లోలు దగ్గరగా, గొంతు విప్పి పాడినట్టు వచ్చాయి. స్వరం నుంచి స్వరానికి వేలు జారే చోట్లు స్పష్టంగా తెలుస్తున్నాయి. మన జారు గమకం విన్న చెవికి ఆ తీరు కొత్తగా ఉండదు. 1927లోనూ అదే జారు, అదే సాగదీత. స్టొకోవ్‌స్కీ తర్వాతి కాలంలో తీగ వాద్యాల వాళ్లందరి కమానులు ఒకేసారి తిరగక్కర్లేదని, ఎవరి వీలును బట్టి వాళ్లు తిప్పుకోమని చెప్పడంలో పేరుపడ్డారు. అతుకు కనబడని ఆ ధ్వని కోసం వెతుకులాట 1924 నాటికే ఉందని నేను నమ్ముతున్నాను. ఈ ఒక్క పాట కోసమే పాత ప్రతిని ఈ వారం పదిసార్లు విన్నాను.

తర్వాత

1925 ఏప్రిల్‌లో ఆయన విద్యుత్ పద్ధతిలో రికార్డు చేసిన, స్వరకర్త సెన్-సాన్స్ రాసిన ‘డాన్స్ మకాబ్ర్’ దించుకున్నాను. ఆ రచన మొదట్లో హార్ప్ అర్ధరాత్రి గంటల్లా డి స్వరాన్ని 12 సార్లు మోగిస్తుంది. శ్రుతి చూసుకోవడానికి అంతకంటే ఏం కావాలి! శనివారం అక్కను కూడా కూర్చోబెట్టి వేగం సరిచేస్తాను.