యాకోబు మందలో మచ్చలు

మా సంఘంలో ఇంటర్ చదివే అబ్బాయికి ఒక పెద్దాయన సలహా ఇచ్చారు: "జీవశాస్త్రంలో ఆ పరిణామం పాఠం వదిలెయ్యి బాబూ, విశ్వాసం పోతుంది." వదిలేస్తే పోయేది మార్కులే. చదివితే పోయే విశ్వాసం ఏపాటిది?

మనం బైబిలు ఆదికాండము మొదటి అధ్యాయంలో, దేవుడు జీవులను "దాని దాని జాతి ప్రకారము" చేశాడన్న మాట దగ్గరే ఆగిపోతాం. ముప్పయ్యో అధ్యాయానికి రండి. మంద కాసినందుకు పొడలు, మచ్చలు ఉన్నవి యాకోబుకు జీతమని ఒప్పందం. అలాంటివాటిని మామ లాబాను ముందే ఏరి, మూడు దినాల ప్రయాణమంత దూరం పెట్టాడు. యాకోబుకు మిగిలినవి మచ్చలేనివే. వాటికే చారల పిల్లలు, మచ్చల పిల్లలు పుట్టాయి. యాకోబు చువ్వల తొక్క ఒలిచి, మంద నీళ్లు తాగే తొట్లలో పెట్టిన మహిమ అనుకుంటాం. కాని మరుసటి అధ్యాయంలో దేవదూత కలలో చూపించింది చువ్వలను కాదు, పొట్టేళ్లను. పైకి కనబడని మచ్చ లోపలే ఉంది. లాబాను కంటికి ఆనలేదు, అంతే.

ఆ అబ్బాయి పుస్తకంలో ఉన్న మెండెల్ క్రైస్తవ సన్యాసి. మఠం తోటలో బఠానీలు పెంచి, చూసినది 1866లో ప్రచురించాడు. ఊదాపూల మొక్కతో కలిపితే తెల్లపూలు మొదటి తరంలో మాయం. రెండో తరంలో దాదాపు నాలుగో వంతు మళ్లీ తెల్లగానే పూశాయి. ఇది చదివినప్పుడల్లా నాకు లాబాను ముఖం గుర్తొచ్చి నవ్వొస్తుంది.

నేల మారుతుందని, నీరు మారుతుందని ఎరిగినవాడు గనుకే దేవుడు ఒక్కో జాతిలో ఇంత దాచిపెట్టాడు. కరవును తట్టుకునే గుణం ఉన్నవి బతుకుతాయి, పిల్లలకు అదే ఇస్తాయి. ఒకనినుండి ప్రతి జాతి మనుష్యులను సృష్టించాడని పౌలు ఏథెన్సులో చెప్పలేదా? రంగు తక్కువని సంబంధాలు తిరగగొట్టే విశ్వాసులు ఆ మాట మరోసారి చదవాలి!

మార్పు ఎంతదూరం వెళ్తుంది, సృష్టి దినాలు ఎంత పొడవు అన్న వాదన విశ్వాసుల్లోనే ఉంది. అది తేలనందుకు నా ప్రార్థన ఏనాడూ ఆగలేదు.

"ఆకాశపక్షులను విచారించుము" అన్నాడు యోబు. వానాకాలంలో సండేస్కూలు పిల్లలను ఇచ్ఛాపురం దగ్గరి తేలుకుంచికి తీసుకెళ్లండి. అక్కడ చెట్ల మీద గూళ్లు కట్టే నత్తగుల్ల కొంగ ముక్కు మూసినా మధ్యలో సందు ఉంటుంది. పొలాల్లో నత్తలను పట్టి తినే పక్షికి తగిన ముక్కు. గూట్లోని పిల్లకు ఆ సందు ఉండదు, ఎదిగాకే వస్తుంది. ఎందుకో పిల్లలనే అడగనివ్వండి, నోరు మూయించకండి. చెట్ల కింద నిలబడేటప్పుడు గొడుగు మాత్రం మరవకండి.