స్టెయిన్‌లెస్ స్టీలు పొర యాసిడ్‌లో ఎలా పోతుంది

స్టీలు సింకు మీద మరక పోవడానికి టాయిలెట్ క్లీనర్ పోసేవాళ్లను చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది. అందులో చాలావాటిలో ఉండేది హైడ్రోక్లోరిక్ యాసిడ్. స్టెయిన్‌లెస్ స్టీలుకి అంతకంటే చెడ్డది పెద్దగా లేదు.

ఆ స్టీలులో ఎక్కువ భాగం ఇనుమే. తుప్పు పట్టకుండా కాపాడేది అందులో కనీసం 10.5 శాతం ఉండే క్రోమియం, అది ఆక్సిజన్‌తో కలిసి పైన ఆక్సైడ్ పొర కడుతుంది, మందం రెండు మూడు నానోమీటర్లే. చాలామంది దీన్ని పెయింట్ లాంటిదనుకుంటారు, కానీ పెయింట్ గీసుకుపోతే అంతే సంగతులు, ఈ పొర మాత్రం ఒకవైపు కొద్దికొద్దిగా కరుగుతూ ఇంకోవైపు మళ్లీ కట్టుకుంటూ ఉంటుంది. కరిగే వేగం కట్టుకునే వేగాన్ని మించితే పొర పోతుంది.

అందుకే యాసిడ్ ఎంత ఘాటైనదని మాత్రమే చూస్తే మోసపోతాం. నైట్రిక్ యాసిడ్ కూడా ఘాటైనదే, కానీ అది ఆక్సీకరణం చేస్తుంది, అంటే పొర కట్టుకోవడానికి కావలసింది అదే ఇస్తుంది. అందుకే స్టీలు భాగాల పైన అంటుకున్న ఇనుప రజను కరిగించి పొర శుభ్రంగా కట్టుకునేలా చేయడానికి, పాసివేషన్ పేరుతో ఫ్యాక్టరీల్లో వాటిని నైట్రిక్‌లో ముంచుతారు. (మరీ చిక్కగా, బాగా వేడిగా ఉంటే నైట్రిక్ కూడా క్రోమియాన్ని కరిగించేస్తుంది, అది వేరే కథ.)

నాకు అన్నిటికంటే ఆసక్తిగా అనిపించేది పలచటి సల్ఫ్యూరిక్ యాసిడ్. గాలి తగలకుండా అందులో ఉంచిన 304 రకం స్టీలు మొదట్లో ఏమీ కానట్టే ఉంటుంది, కానీ ఆ సమయంలోనే పొర పలచబడుతూ లోహం పొటెన్షియల్ (ద్రావణంతో పోల్చి కొలిచే దాని వోల్టేజీ) మెల్లగా దిగుతూ వస్తుంది, ఒక దశ దాటాక ఒక్కసారిగా పడిపోతుంది, అప్పుడు హైడ్రోజన్ బుడగలు మొదలవుతాయి, కరిగిన లోహాలతో ద్రావణం ఆకుపచ్చగా మారుతుంది. ఆ యాసిడ్‌లో ఉన్న స్టీలుకి జింకు ముక్క ఆనిస్తే పొటెన్షియల్ కిందికి లాగబడి పొర ఇంకా త్వరగా పోవచ్చు. అదే కొంచెం కాపర్ సల్ఫేట్ కలిపితే, యాసిడ్ మారకపోయినా, రాగి అయాన్లు ఆక్సీకరణం చేసి పొరను నిలబెట్టగలవు!

హైడ్రోక్లోరిక్‌లో రెండు దెబ్బలు. ఆక్సీకరణం చేసే గుణం లేదు, పైగా క్లోరైడ్ పొరను అక్కడక్కడా చీలుస్తుంది. అలా పడిన గుంటలో కరిగిన క్రోమియం నీటితో చర్య జరిపి ఇంకా యాసిడ్ పుట్టిస్తుంది, దాంతో పైన బాగున్నట్టు కనిపించినా గుంట లోపలికి పోతూనే ఉంటుంది. 2 శాతం పైన మాలిబ్డినం ఉండే 316 రకం ఉప్పునీళ్లలో బాగా నిలుస్తుంది గానీ ఈ యాసిడ్ ముందు అదీ ఆగదు.

పొరపాటున పడితే వెంటనే ధారాళంగా నీళ్లు పోసి కడగండి, దాని మీద బ్లీచ్ మాత్రం అస్సలు పోయకండి, క్లోరిన్ వాయువు వస్తుంది. కడిగాక గాలి తగిలి పొర మళ్లీ కట్టుకుంటుంది గానీ, అప్పటికే పడిన గుంటలు పూడవు.