టమాటా నారు నాటాం

పొద్దున్నంతా మళ్లు చదును చేయడంతోనే సరిపోయింది. ఎండ తగ్గాకే నాట్లు మొదలుపెట్టాం, మధ్యాహ్నం నాటితే లేత మొక్కలు తట్టుకోలేవు. వారం రోజులుగా నీళ్లు తగ్గించి, రోజూ కాసేపు ఎండలో పెట్టడంతో నారు బాగా గట్టిపడింది.

టమాటా నాటడమంటే నాకు ఎంత ఇష్టమో! కింది ఆకులు గిల్లేసి, కాండాన్ని సగం దాకా మట్టిలో పాతితే చాలు, ఆ పాతిన భాగమంతా కొత్త వేర్లు వేస్తుంది. (అంటు నారైతే మాత్రం అంటు కట్టిన చోటు మట్టికి పైనే ఉండాలి.) మొక్కకూ మొక్కకూ 60 సెంటీమీటర్లు వదిలాం. ఇప్పుడు ఖాళీగా కనిపిస్తుంది కానీ, గాలి ఆడకపోతే తెగుళ్లు తప్పవు.

చేతులకు అంటుకున్న ఆకుపచ్చ జిడ్డు సబ్బుకు ఓ పట్టాన వదలట్లేదు. ఆ వాసన నాకు భలే ఇష్టం.

రాత్రి 10 డిగ్రీల కంటే కిందికి పడిపోతుందేమోనని టెన్షన్‌గా ఉంది. గోనెపట్టాలు గట్టు మీద సిద్ధంగా పెట్టాం.