మధ్యలో దిగే ఊరు

స్విట్జర్లాండ్, ఇటలీ రైళ్ళలో తిరిగొద్దామనుకున్నప్పుడు ఏ పెద్ద ఊళ్ళు చూడాలన్నది మా ఇంట్లో ఒక్క పూటలో తేలిపోయింది. జూరిక్‌లో దిగి లూసర్న్, ఇంటర్‌లాకెన్, ఆ తర్వాత వెనిస్, రోమ్. అందరూ వెళ్ళేవే. ఇంటర్‌లాకెన్‌కీ వెనిస్‌కీ మధ్య రెండు రాత్రులు ఎక్కడ ఆగాలన్నది తేల్చుకోవడానికే మూడు వారాలు పట్టింది.

ఆగాల్సి వచ్చింది మా అత్తయ్య కోసం. డెబ్బై దాటాయి, రెండు మోకాళ్ళూ అరిగాయి. ఎంవీపీ కాలనీలో మా ఇంటి నుంచి రైతుబజారు దాకా నడుస్తారు గానీ దారిలో ఒకచోట కూర్చోవాలి. ఇంటర్‌లాకెన్ నుంచి వెనిస్‌కి బళ్ళు మారుతూ వెళ్తే ఆరు గంటల పైనే. అంతకుముందు ఓసారి సికింద్రాబాద్‌కి వందేభారత్‌లో తీసుకెళ్ళాం. ఎనిమిదిన్నర గంటలు కూర్చుని దిగేసరికి పాదాలు చెప్పుల్లో పట్టలేదు. ఆ రాత్రంతా వేణ్ణీళ్ళలో కాళ్ళు పెట్టించి కూర్చున్నాను. అది మళ్ళీ పరాయి దేశంలో జరగనివ్వకూడదని గట్టిగా అనుకున్నాను.

మావారు మిలాన్ అన్నారు. పెద్ద ఊరంటే పెద్ద స్టేషన్, గది దాకా మళ్ళీ టాక్సీయో మెట్రోయో. నాకు కావలసింది ప్లాట్‌ఫారం నుంచి గదికి అత్తయ్య తన కాళ్ళతో నడిచి వెళ్ళగలిగే ఊరు. ఆ కొలతతో పటం ముందు కూర్చుంటే నాలుగు పేర్లు మిగిలాయి. స్పీజ్, బ్రీగ్, దొమొదొస్సొలా, స్త్రేసా.

స్పీజ్ ఫోటోలు చూసి పాప ఎగిరి గంతేసింది. సరస్సు, కోట, ద్రాక్షతోటలు. కానీ స్టేషన్ పైన, సరస్సు కింద. దిగేటప్పుడు సరే, ఎక్కేటప్పుడో? పైగా ఇంటర్‌లాకెన్ నుంచి ఇరవై నిమిషాలే. అక్కడ ఆగితే ప్రయాణం సగానికి తగ్గదు. స్త్రేసా కూడా సరస్సు ఒడ్డునే, ఎదురుగా దీవులు, బాగా పేరున్న చోటు. గదుల ధరలు చూసి పక్కన పెట్టాను. విశాఖ వాళ్ళం, రెండు రాత్రులు నీళ్ళు చూడ్డానికి అంత డబ్బు పోయడానికి మనసొప్పలేదు.

మిగిలినవి బ్రీగ్, దొమొదొస్సొలా. సింప్లాన్ సొరంగానికి ఇటొకటి, అటొకటి. 1906లో తెరిచిన ఆ సొరంగం దాదాపు 20 కిలోమీటర్లు. స్విట్జర్లాండ్‌లో లోపలికెళ్ళిన బండి ఇటలీలో బయటికొస్తుంది. బ్రీగ్‌లో ఉల్లిగడ్డ ఆకారం గోపురాలున్న పాత భవంతి ఉంది, 17వ శతాబ్దంలో పైనున్న సింప్లాన్ కనుమ మీదుగా వర్తకం నడిపిన స్టాకాల్పర్ కట్టించుకున్నది. నాకు ఆ ఊరు చాలా నచ్చింది. రెండు రోజులు అదే అనుకున్నాను కూడా.

మాట మారింది వీసా లెక్కల దగ్గర. షెంగెన్ వీసాకి, అంటే యూరప్‌లో చాలా దేశాలకి కలిపి ఇచ్చే ఒకే వీసాకి, ఎక్కువ రాత్రులు ఏ దేశంలో ఉంటే ఆ దేశానికే దరఖాస్తు పెట్టాలి. సమానమైతే ముందు అడుగు పెట్టే దేశానికి. మాకు స్విట్జర్లాండ్‌లో అయిదు, ఇటలీలో అయిదు. అంటే ఈ చిన్న ఊరి రెండు రాత్రులు ఎటు పడితే మా కాగితాలు అటు వెళ్తాయన్నమాట. ఊరు తేలకుండా అపాయింట్‌మెంట్ తీసుకోవడానికే లేదు. ఇలాంటి ప్రయాణం వేసుకునేవాళ్ళు దయచేసి ఈ లెక్క ముందే చూసుకోండి. మేం గదులు బుక్ చేయబోయే రోజు చూసుకున్నాం.

రెండోది రైలు పాస్. ఇక్కడ మేం సంప్రదించిన ఏజెంటు, స్విస్ ట్రావెల్ పాస్ మిలాన్ దాకా పనిచేస్తుందని ధీమాగా చెప్పాడు. నాకెందుకో నమ్మబుద్ధి కాక పాస్ చెల్లే దారుల పటం తీసి చూశాను. ఈ దారిలో పాస్ గీత దొమొదొస్సొలాలో ఆగిపోయింది, అక్కడి నుంచి టికెట్టు వేరే. ఆ మాట నమ్ముకుని ఎక్కుంటే మిలాన్ బండిలో జరిమానా కట్టేవాళ్ళం. కోపం వచ్చిన మాట నిజమే గానీ ఆ పటమే నాకు దారి చూపించింది. ఆదివారం దిగుతాం, శుక్రవారానికి ఆరో రోజు. పాస్‌లలో ఆరు రోజులది ఉంది. శుక్రవారం దాని మీదే దొమొదొస్సొలా చేరిపోవచ్చు. పదహారు లోపు పిల్లలకి ఫ్యామిలీ కార్డు ఉచితం, కాబట్టి మా ఇద్దరికీ అత్తయ్యకీ కొంటే చాలు. రాత్రులు ఇటలీకి ఏడయ్యాయి, వీసా కూడా ఇటలీదే.

ఆ రాత్రి అత్తయ్యకి చెప్పాను. "ఏటమ్మా ఆ ఊరి పేరు?" అని రెండుసార్లు చెప్పించుకుని, "రైలు దిగీసరికి మెట్లుంటాయేటి?" అన్నారు. అసలు అడగాల్సిన ప్రశ్న అదే. బసల వాళ్ళు నలుగురికి అదే ప్రశ్న రాశాను: వీధి గుమ్మం నుంచి మంచం దాకా ఎన్ని మెట్లు? ముగ్గురు లిఫ్ట్ ఉందని ఒక్క ముక్కలో సరిపెట్టారు. నాలుగో ఆవిడ మాత్రం లిఫ్ట్ ముందు మూడు మెట్లున్నాయనీ, ఎడమవైపు పట్టుకోవడానికి కడ్డీ ఉందనీ ఫోటో తీసి పంపింది. వంటగది కూడా ఉంది. అప్పటికప్పుడు అడ్వాన్స్ కట్టేశాం.

హైదరాబాద్ వెళ్ళి కాగితాలిచ్చాం. ఫీజు పెద్దవాళ్ళకి 90 యూరోలు, ఆరు నుంచి పన్నెండేళ్ళ లోపు పిల్లలకి 45. పన్నెండు నిండని పాపకి వేలిముద్రలు అక్కర్లేదు, పదమూడేళ్ళ బాబుకి తీసుకున్నారు. అత్తయ్య వేళ్ళ గీతలు అరిగిపోయి యంత్రం ఒప్పుకోలేదు. తడి గుడ్డతో తుడిచి మళ్ళీ మళ్ళీ పెట్టించారు. అక్కడే గంట పోయింది. వీసాలు మాత్రం వచ్చాయి.

పెట్టెలో అయిదు కిలోల బియ్యం, కందిపొడి, చింతకాయ పచ్చడి, చిన్న రైస్ కుక్కర్. నెయ్యి తీసేశాను, పాలతో చేసినవేవీ అటు రానివ్వరు. కుక్కర్‌కి మన లావు మూడు పిన్నుల ప్లగ్ ఉంటుంది, అక్కడి గోడ బొక్కల్లో పట్టదు. కరెంటు మాత్రం మనలాగే 230 వోల్టులు. లోడ్ మోయగల అడాప్టర్ ఇక్కడే కొని, కుక్కర్ పెట్టి ఇంట్లోనే ఒకసారి అన్నం వండి చూశాను.

శుక్రవారం పొద్దున ఇంటర్‌లాకెన్ నుంచి స్పీజ్ వచ్చి బండి మారాం. తొందరగా వెళ్ళే బళ్ళు 2007లో తెరిచిన కొత్త సొరంగంలో దూసుకుపోతాయి. మేం కావాలనే పాత కొండదారి బండి ఎంచుకున్నాం. దీనికి సీటు రిజర్వేషన్ కూడా అక్కర్లేదు. ఒక చిక్కుంది. బెర్న్ నుంచి వచ్చే బండి స్పీజ్‌లో రెండుగా విడిపోతుంది. ఒక ముక్క మా దారిన, ఇంకో ముక్క ట్స్వైసిమెన్ వైపు. సామాన్లు పైకెక్కించేశాక పాప బోగీ పక్కనున్న తెర చదివి, "అమ్మా, ఇది మనది కాదు" అంది. మావారు పెట్టెలు లాగుతుంటే బాబు నాయనమ్మ చెయ్యి పట్టుకుని ముందుకు పరిగెత్తించకుండా నడిపించాడు. మా ముక్కలో కూర్చున్న రెండు నిమిషాలకి బండి కదిలింది.

కాండర్‌స్టెగ్ తర్వాత 1913 నాటి పాత సొరంగం. అది దాటి కొంచెం ముందుకెళ్ళామో లేదో, కుడివైపు రోన్ లోయ ఎంతో కిందికి తెరుచుకుంది. మన అరకు బండి శివలింగపురం దాటాక జనం కిటికీలకి ఎలా అతుక్కుపోతారో మేమూ అంతే. సొరంగంలోంచి వంతెన, వంతెన మీంచి మళ్ళీ సొరంగం. అత్తయ్య చెయ్యి చూపించి, "అదుగో, బొర్రా దారి" అన్నారు.

బ్రీగ్ వచ్చాక బాబు లేచి నిలబడ్డాడు. 1910 సెప్టెంబర్ 23న జోర్జ్ చావెజ్ అనే 23 ఏళ్ళ పెరూ వైమానికుడు ఈ ఊరి పైనున్న మైదానం నుంచి లేచి, మొట్టమొదటిసారి విమానంలో ఆల్ప్స్ దాటాడు. దొమొదొస్సొలాలో దిగబోతూ కూలిపోయి, నాలుగు రోజులకి చనిపోయాడు. మా బాబు ఇదంతా ఇంట్లోనే చదువుకుని ఉన్నాడు. సొరంగంలో ఉన్నంతసేపూ మాకు కొండ పైన ఆ విమానం ఎక్కడుండేదో చెబుతూనే ఉన్నాడు.

దొమొదొస్సొలాలో శనివారం సంత వెయ్యేళ్ళకు పైబడినది. శుక్రవారం చేరేలా చూసుకోవడానికి అదీ ఒక కారణమే. రాతి పలకల పైకప్పులు, కింద కమానుల వసారాలు, వాటి నీడన దుకాణాలు. అత్తయ్య తన ఇష్టానికి నడిచి, అలసినచోట కూర్చుని, ఒక కొట్టు దగ్గర పసుపుపచ్చటి పిండి అరచేతిలో పోయించుకుని వేళ్ళతో నలిపి చూశారు. "మొక్కజొన్న రవ్వే కదేటి?" పొలెంటా అని అక్కడ సంకటిలా వండుకునే పిండి అది. కిలో కొన్నాం. రాత్రి కుక్కర్‌లో ఉప్మాలా వండితే కందిపొడి కలుపుకుని పిల్లలు కూడా మారు అడిగారు.

ఆదివారం టికెట్లు స్టేషన్‌లోని యంత్రంలో ముద్ర వేయించుకుని మిలాన్ బండెక్కాం. ఇటలీ ప్రాంతీయ రైళ్ళ కాగితం టికెట్‌కి ఎక్కే ముందు ఆ ముద్ర తప్పనిసరి. బండి అక్కడే బయల్దేరుతుంది కాబట్టి ఖాళీగా ఉంది. అత్తయ్య ఎదురు సీటు మీద కండువా పరిచి కాళ్ళు చాపుకున్నారు. సాయంత్రం వెనిస్‌లో గదికి చేరాక నేను అలవాటుగా వేణ్ణీళ్ళు పెట్టబోతే, "ఒద్దమ్మా, సూడు" అని పాదాలు ముందుకి పెట్టారు. చెప్పుల పట్టీల గుర్తు కూడా పడలేదు.